దక్షిణానికి తిప్పిన మంచం

వాంతి చేసుకుంటున్న మనిషిని చూస్తే పక్కవాళ్ళకి జాలి కలుగుతుందంటారు. అబద్ధం. రోత పుడుతుంది. ఆ రోత మొహంలో కనపడకుండా ఉండటానికి వాళ్ళు సలహాలు చెప్పడం మొదలుపెడతారు. ఈ వేసవంతా నేను ఆ సలహాల కింద నలిగాను కాబట్టి చెబుతున్నాను.

నా పేరు రేణు. ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఆడవాళ్ళకి కారు నడపడం నేర్పుతాను. మొగుడి వీసా మీద కొత్తగా దిగినవాళ్ళు, పిల్లలు బడికెళ్ళే వయసొచ్చాక ఇక తప్పదని వచ్చేవాళ్ళు, మన దేశంలో స్కూటీ మీద ఊరంతా తిరిగి ఇక్కడ ఫ్రీవే మీద వేగం చూసి బిగుసుకుపోయినవాళ్ళు, అందరూ నా దగ్గరికే వస్తారు. నా కారులో పక్క సీటు ముందు రెండో బ్రేకు ఉంటుంది. వాళ్ళు స్టీరింగ్ పట్టుకుంటారు, నేను ఆ బ్రేకు మీద కాలు ఆనించి కూర్చుంటాను. ఈ ఊళ్ళో కారు నడపలేని ఆడది పాల గ్యాలన్ కోసం కూడా మొగుడు ఆఫీసు నుంచి వచ్చేదాకా కాచుకోవాలి. వచ్చిన కొత్తలో నేనూ కాచుకున్నదాన్నే. అందుకే ఆ పక్క సీటంటే నాకు ప్రాణం. మా ఆయన భాస్కర్ మాత్రం దాన్ని 'రేణు హాబీ' అంటాడు. అతను కార్ల కంపెనీలో ఇంజనీరు కాబట్టి అతనిది ఉద్యోగం, రోజంతా కార్లోనే గడిపే నాది సరదా.

జూన్‌లో ఒక ఉదయం పక్క మీద కుడివైపుకి ఒత్తిగిలాను. అంతే, గది తిరగడం మొదలుపెట్టింది. కళ్ళు తిరగడం నాకు తెలుసు, ఉపవాసం ఉన్న రోజు సాయంత్రానికి వస్తుంది. ఇది అది కాదు. ఫ్యాను, కిటికీ, గోడ మీది పెళ్ళి ఫోటో, అన్నీ గ్రైండర్‌లో పిండిలా ఒకే వైపుకి తిరుగుతున్నాయి. రెండు చేతులతో పరుపుని పట్టుకుని కళ్ళు మూసుకున్నాను. మూసినా ఆగలేదు. కాసేపటికి దానంతటదే ఆగింది గానీ, కడుపులో దేవి, బాత్రూమ్ దాకా వెళ్ళేలోపే కార్పెట్ మీద కక్కేశాను. రాత్రి తిన్న గోంగూర పప్పు, లేత రంగు కార్పెట్. ఆ పులిసిన వాసన తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

భాస్కర్ టీషర్టు ముక్కు మీదికి లాక్కుని గుమ్మంలో నిలబడ్డాడు. "ఏం తిన్నావ్?" అన్నాడు. అతనూ అదే పప్పు తిన్నాడు.

ఎమర్జెన్సీకి తీసుకెళితే అన్ని పరీక్షలూ చేసి, గుండెలో ఏమీ లేదు, తలలో ఏమీ లేదు అన్నారు. తలలో ఏమీ లేదన్న మాట భాస్కర్ ఊరందరికీ ఫోన్ చేసి చెప్పి నవ్వుకున్నాడు. తర్వాత మా డాక్టరు నన్ను ఒక ఫిజికల్ థెరపిస్టు దగ్గరికి పంపింది. పేరు రియా, ఇక్కడే పుట్టిన తెలుగు పిల్ల. నన్ను బల్ల మీద కూర్చోబెట్టి, తల ఒక పక్కకి తిప్పి, గభాలున వెనక్కి పడుకోబెట్టి నా కళ్ళలోకి చూసింది.

"ఆంటీ, మీ రైట్ ఇయర్," అంది. "లోపల చిన్న క్రిస్టల్స్ ఉంటుంది. అది ప్లేస్ నుంచి బయటికి వచ్చింది. మీరు తల మూవ్ చేస్తే అది కూడా మూవ్ అవుతుంది. బ్రెయిన్ ఏమో, ఓ, నేను తిరుగుతున్నా అనుకుంటుంది. దట్స్ ఇట్. నేను ఫిక్స్ చేస్తా."

తన ఫోన్లో తీసిన వీడియో కూడా చూపించింది. నా కళ్ళే. నల్లగుడ్లు ఒక పక్కకి కొట్టుకుంటూ, మళ్ళీ వెనక్కి జారుతూ, మళ్ళీ కొట్టుకుంటూ ఉన్నాయి. చచ్చే చేప ఎగిరినట్టు ఎగురుతున్న ఆ కళ్ళు నావంటే నాకే అసహ్యం వేసింది. రియా నా తల రెండు చేతులా పట్టుకుని, చేటలో బియ్యం చెరిగినట్టు నిదానంగా ఇటూ అటూ తిప్పింది. లేచి కూర్చునేసరికి లోకం నిలబడి ఉంది. ఏడుపొచ్చింది నాకు.

వారం తిరక్కుండా మళ్ళీ వచ్చింది. కొందరికి అలా తిరగబెడుతుందట. ప్రతిసారీ క్లినిక్‌కి రానక్కర్లేదు, ఇంట్లోనే చేసుకోవచ్చని రియా వీడియో కాల్‌లో నేర్పింది. మా మంచం తల ఉత్తరం గోడకి ఉండేది. పడుకుంటే కిటికీ నా కుడి పక్క, బట్టల క్లాసెట్ ఎడమ పక్క. ఐప్యాడ్ అలమర మీద పెట్టాం. నన్ను మంచం మధ్యలో కూర్చోబెట్టి, భాస్కర్ వెనక నుంచి నా తల పట్టుకున్నాడు.

"అంకుల్, ఫస్ట్ ఆంటీ తల విండో వైపు తిప్పండి," అంది రియా. "అలానే క్విక్‌గా పడుకోబెట్టండి. ఆగండి. నౌ స్లోగా క్లాసెట్ వైపు. దెన్ బాడీ మొత్తం క్లాసెట్ వైపు. ఓకే, ఇప్పుడు లేపండి. పర్ఫెక్ట్!"

భాస్కర్ అదొక మంత్రంలా నేర్చుకున్నాడు. కిటికీ, క్లాసెట్, లే. కిటికీ, క్లాసెట్, లే. పూటకోసారి చేసేవాడు. రోజురోజుకీ తిరుగుడు తగ్గుతూ వచ్చింది. పూర్తిగా పోయేదాకా కారు ముట్టుకోవద్దని డాక్టరు చెప్పింది కాబట్టి నా క్లాసులన్నీ వాయిదా వేశాను. ఇంకొన్నాళ్ళలో మళ్ళీ నా సీట్లో ఉంటాననే ధైర్యంతోనే ఉన్నాను.

ఈలోపు పరామర్శలు మొదలయ్యాయి. కామేశ్వరి ఆంటీ ధనియాలు, ఉసిరిక కలిపి కాచిన కషాయం ఫ్లాస్కులో పోసి తెచ్చింది. మురికి గుడ్డ పిండిన నీళ్ళలా ఉంది. నా ఎదురుగా కూర్చుని, చివరి గుక్క దాకా తాగే వరకూ కదల్లేదు. ఆవిడ కారెక్కగానే అది మొత్తం సింక్‌లోకి వచ్చేసింది. ఇంకొకావిడ ఇదంతా దిష్టి అంది. ఎండుమిరపకాయలు నా చుట్టూ తిప్పి స్టవ్ మీద వేసింది. ఆ ఘాటుకి ఇంట్లో ఉన్న పొగ అలారాలన్నీ ఒక్కసారిగా అరవడం మొదలెట్టాయి. అసలే తల తిరిగేదాన్ని, దగ్గు, ఆ కూతలు, పైన భాస్కర్ కుర్చీ ఎక్కి తువ్వాలుతో విసురుతూ నా మీద కేకలు. తల ప్రాణం తోకకొచ్చింది.

వీళ్ళందరి కంటే ఆఖరున వచ్చినాయన సూర్యప్రకాశరావు గారు. దగ్గర్లోని ట్రాయ్ ఊళ్ళో కొడుకు దగ్గర ఉంటారు. పంతొమ్మిదివందల డెబ్భైల్లో ఈ దేశం వచ్చి, రిటైరయ్యేదాకా కార్లకి బ్రేకులు డిజైన్ చేశారు. ఇప్పుడు చుట్టుపక్కల తెలుగువాళ్ళ ఇళ్ళకి ఉచితంగా వాస్తు చూస్తారు. ఆయన చూసి సరే అననిదే ఇక్కడ చాలామంది ఇల్లు కొనరు. భాస్కర్‌కి ఆయనంటే చాలా గౌరవం. మా ఇంటికి ఆయన్ని పిలిచింది అతనే.

ఆయన తిన్నగా మా పడకగదిలోకి వచ్చి, ఫోన్లో దిక్సూచి తెరిచి, మంచం మీద పెట్టి, నాలుక చప్పరించారు.

"ఉత్తరానికి తల పెట్టుకుని పడుకుంటున్నారా? ఏంటి భాస్కర్, చదువుకున్నవాడివి! అమ్మాయ్, నేను ఇంజనీర్ని, మూఢనమ్మకాలు చెప్పను. ఇది ప్యూర్ మాగ్నెటిజం. రక్తంలో ఐరన్ ఉంటుందా లేదా? భూమికి నార్త్ పోల్ ఉందా లేదా? తల తిరక్క ఏమవుతుంది?"

"నాది చెవిలో సమస్య అంకుల్. తగ్గుతోంది కూడా," అన్నాను.

"చెవి ఎక్కడుందమ్మా? తలలోనే కదా!"

ఆ మాటకి భాస్కర్ గొప్ప సత్యం విన్నట్టు తలూపాడు. నాకు ఒళ్ళు మండింది. కానీ వాదించే ఓపిక లేదు, నోరు తెరిస్తే వాంతి వచ్చేలా ఉంది. బకెట్ ఒళ్ళో పెట్టుకుని బాత్రూమ్‌లో కమోడ్ మూత మీద కూర్చున్నాను. వాళ్ళిద్దరూ ఆయాసపడుతూ, ఒకరికొకరు పక్కకి జరగమని చెప్పుకుంటూ మంచాన్ని చుట్టూ తిప్పి తల దక్షిణం గోడకి పెట్టారు. వెళ్తూ వెళ్తూ హాల్లో ఆయన భాస్కర్‌తో ఏదో చాలాసేపు గొంతు తగ్గించి మాట్లాడారు.

ఆ రోజు నుంచి ఆ తిరుగుడు నా ప్రాణం తీసింది.

భాస్కర్ ఎప్పటిలాగే పూటకోసారి తల పట్టుకునేవాడు. కిటికీ, క్లాసెట్, లే. నేను కళ్ళు గట్టిగా మూసుకుని, పళ్ళు బిగబట్టి, అతని చేతుల్లో తల వదిలేసేదాన్ని. ఇంతకుముందు వెనక్కి పడుకోబెట్టగానే తిరిగేది. ఇప్పుడు పడుకోబెట్టినప్పుడు తిరగడం లేదు, తల రెండో పక్కకి తిప్పగానే గిర్రున తిరుగుతోంది. ఈ సంగతి చెబితే భాస్కర్ మొహం వెలిగిపోయింది. "చూశావా, మొదటిది పోయింది. మంచం తిప్పిన ఎఫెక్ట్," అన్నాడు. మరి పగలంతా గోడ పట్టుకుని నడవడం, వంగితే తిరగడం, తింటే కక్కడం, ఇవి ఎందుకు పెరిగాయో అతనికి అక్కర్లేదు. పళ్ళు తోముకున్నా నోట్లో పైత్యం కంపు పోయేది కాదు. నా జుట్టు వాసన నాకే పడేది కాదు, తల వంచి నీళ్ళు పోసుకునే ధైర్యం లేక. అతను మెల్లగా పక్క గదిలోకి మకాం మార్చాడు. వంటగదిలో ఎవరితోనో ఫోన్లో, "మునుపటి మనిషి కాదండీ, ఇక అంతే," అంటుంటే విన్నాను.

ఇక అంతేనట. ఆ రోజు నాకు నిజంగా భయం వేసింది. ఆ కారు, ఆ సీటు, నాతో గంటసేపు కూర్చుని భయం పోగొట్టుకుని వెళ్ళే ఆ ఆడపిల్లలు, అన్నీ పోయి, ఈ కంపు కొట్టే గదిలో కిటికీ చూస్తూ బతకాల్సిందేనా అనిపించింది.

ఆ దశలో మైత్రి ఫోన్ చేసింది. కరీంనగర్ పిల్ల, నా దగ్గర దాదాపు నేర్చుకోవడం అయిపోయింది, రోడ్ టెస్ట్ ఒక్కటే మిగిలింది.

"అక్కా, మంచిగున్నవా? నువ్వు పర్మనెంట్‌గ బంద్ చేసినవంట గదా. గ్రూప్‌ల చూసి మస్తు బాధైంది."

"ఏం బంద్ చేశాను?"

"భాస్కర్ అన్న పెట్టిండు గదా అక్కా. ఆరోగ్య కారణాల వల్ల రేణు డ్రైవింగ్ క్లాసులు పర్మనెంట్‌గా క్లోజ్ చేస్తున్నాం, దయచేసి కాల్ చేయొద్దు అని."

అది ఊళ్ళో తెలుగువాళ్ళంతా ఉన్న గ్రూపు. నా స్టూడెంట్లందరూ దాన్లోంచే వస్తారు. వారాల తరబడి ఫోన్ తెర చూస్తే వికారమని నేను ఆ గ్రూపు తెరవలేదు.

మైత్రికి ఇవేమీ తెలియవు. టెస్టు దగ్గరపడిందన్న కంగారులో తన గోల తను చెప్పుకుంటూ పోయింది. "రివర్స్‌ల పార్క్ చేసుడు ఒక్కటి వస్తలేదు అక్కా. మనం ప్రాక్టీస్ చేసిన పార్కింగ్ లాట్‌ల మంచిగ వస్తుండె. ఇప్పుడు మా అపార్ట్‌మెంట్‌ల చేస్తే ప్రతిసారీ గడ్డి మీదికి ఎక్కుతున్న. నువ్వు చెప్పినట్టే లైట్ పోల్ దిక్కే తిప్పుతున్న."

"లైట్ పోల్ అని నేనెప్పుడు చెప్పాను?"

"నువ్వు లెఫ్ట్ అన్నవ్. అక్కడ లెఫ్ట్‌ల లైట్ పోల్ ఉండె. నేను గట్లనే యాద్ పెట్టుకున్న."

భాస్కర్ మీద కోపం కూడా ఆ పిల్ల మీదే చూపించాను. "పోల్ నీతో పాటు ఊరంతా వస్తుందా? కారు అటు తిప్పి నిలబెడితే లెఫ్ట్‌లో ఉన్న పోల్ రైట్‌లోకి వస్తుంది. నీ చెయ్యి మాత్రం మారదు. చేతిని చూసుకుని తిప్పు, పోల్‌ని చూసి కాదు!"

అని ఆగిపోయాను. నేను మంచం మీద ఉన్నాను. కిటికీ నా ఎడమ పక్క ఉంది.

మంచం తిప్పారు. కిటికీ అక్కడే ఉంది. భాస్కర్ ఆ రోజు నుంచీ నా తలని పూటపూటా కిటికీ వైపే ముందు తిప్పుతున్నాడు. అంటే ఎడమకి. బాగున్న చెవికి వైద్యం చేస్తున్నాడు. జబ్బు చెవిలోని క్రిస్టల్స్‌ని చోటికి చేర్చే బదులు కదిపి కదిపి వదిలేస్తున్నాడు.

సాయంత్రం అతను ఆఫీసు నుంచి రాగానే గదిలోకి పిలిచి, మంచం మీద కూర్చుని, "నా కుడి చెయ్యి ఏది?" అని అడిగాను. చూపించాడు. "కిటికీ ఎటుంది?" అన్నాను. కాసేపు నా వంకా, కిటికీ వంకా చూసి నెమ్మదిగా మొహం దించుకున్నాడు.

"రియా విండో అనే కదా చెప్పింది," అన్నాడు చివరికి.

"ఆ పిల్ల చెప్పినప్పుడు మంచం ఎటుంది?"

మంచం మీది దుప్పటి సవరించడం మొదలుపెట్టాడు. అప్పుడు గ్రూపులో పెట్టిన మెసేజ్ అడిగాను. దానికి మాత్రం వెంటనే నోరొచ్చింది. "నీ మంచికే రేణూ. సూర్యప్రకాశరావు గారు కూడా అదే చెప్పారు. తల తిరిగే మనిషిని రోడ్డెక్కించకు, పది మంది ప్రాణాలతో చెలగాటం అన్నారు. కారు కొంటామని కూడా ఎవరో అడుగుతున్నారు." పాతికేళ్ళు కాపురం చేసిన మనిషి. ఆ నిమిషంలో అతని గొంతు వింటే, కామేశ్వరి ఆంటీ కషాయం మళ్ళీ గొంతులోకి వచ్చినట్టు వెగటు పుట్టింది.

"తల పట్టుకో. కుడికి తిప్పు. కిటికీ మాటెత్తావంటే ఊరుకోను," అన్నాను.

కుడికి తిప్పి వెనక్కి వాల్చగానే గది గిర్రున తిరిగింది. ఇన్నాళ్ళదీ ఒక్కసారే తిరిగిందేమో అన్నంత. అరిచాను, అతని చెయ్యి గోళ్ళతో రక్కాను, కానీ లేవలేదు. ఆగాక ఎడమకి, తర్వాత ఎడమ పక్కకి ఒత్తిగిలి, లేచి బకెట్‌లోకి కక్కాను. అదే ఆఖరిసారి. మర్నాటికి సగం తగ్గింది. నాలుగైదు రోజులకి పూర్తిగా పోయింది. మంచాన్ని ఆ మొదటి రాత్రే మళ్ళీ ఉత్తరానికి తిప్పించాను, భాస్కర్ ఒక్కడి చేతే.

రియా మళ్ళీ బల్ల మీద పడుకోబెట్టి చూసి, "క్లీన్, ఆంటీ! నథింగ్!" అంది. జరిగింది చెబితే కళ్ళు పెద్దవి చేసుకుని, "ఓ మై గాడ్, ఇది ఎవ్వరూ నాకు చెప్పలేదు. బెడ్ ఎందుకు టర్న్ చేస్తారు?" అని అడిగింది. డాక్టరు కారు నడపొచ్చని రాసిచ్చింది. క్లాసులు మళ్ళీ మొదలుపెడుతున్నానని గ్రూపులో పెట్టాను. దండాల బొమ్మలు బోలెడు వచ్చాయి. మనుషులు ఒక్కరూ రాలేదు. మైత్రి టెస్టు పాసై, చేతిని చూసి తిప్పిన అక్కా అని స్వీట్లు తెచ్చింది గానీ ఆ పిల్లకి ఇక నాతో పని లేదు. పక్క ఊరు నోవైలో ఉండే ఒకావిడ మాత్రం ఫోన్లో మొహమాటపడుతూ, "మా ఆయన వద్దంటున్నారండీ. ఫ్రీవే మీద మీకు మళ్ళీ వస్తే ఏంటి పరిస్థితి అంటున్నారు," అని చెప్పింది. తప్పు పట్టడానికి లేదు. ఆ భయం వాళ్ళలో నాటింది నా ఇంట్లో మనిషే. రోజూ పొద్దున్నే వెళ్ళి కారులో పక్క సీట్లో కూర్చునేదాన్ని. డ్రైవర్ సీటు ఖాళీగా ఉండేది.

అప్పుడు సూర్యప్రకాశరావు గారు గ్రూపులో ఒక పోస్టు పెట్టారు. ఉత్తరం తల దోషం వల్ల శ్రీమతి రేణు ఎంతో కాలం బాధపడిందనీ, తాను మంచం దక్షిణానికి మార్పించగానే సంపూర్ణ స్వస్థత చేకూరిందనీ. ఆ రోజే ముగ్గురు ఆడవాళ్ళు ఫోన్ చేశారు. "వాస్తుతో పూర్తిగా పోయిందటగా! క్లాసులు ఎప్పట్నుంచి?" డాక్టరు రాసిచ్చిన కాగితానికి రాని నమ్మకం ఆ పోస్టుకి వచ్చింది. ఛీ అనిపించింది. జరిగింది పూస గుచ్చినట్టు వాళ్ళకి చెప్పబోతుంటే భాస్కర్ సైగ చేసి ఆపాడు.

"పోనీలేవే. ఎలా వస్తే ఏంటి, వస్తున్నారుగా. ఆయన ఒక చిన్న వీడియో అడుగుతున్నారు. రెండు ముక్కలు చెప్పేస్తే నీ స్టూడెంట్లు నీకొస్తారు, ఆయన సంతోషం ఆయనకుంటుంది."

రాత్రంతా ఆలోచించి ఒప్పుకున్నాను. నా సీటు నాకు కావాలి. మొగుడి మీదా, ఆ పెద్దాయన మీదా కలిగినదాని కంటే నా మీద నాకే ఎక్కువ అసహ్యం కలిగింది.

శనివారం పొద్దున ఆయన వచ్చారు. ఇస్త్రీ చొక్కా, నుదుట కుంకుమ, చేతిలో ఫోను. గదిలోకి రాగానే, "ఇదేంటి! మళ్ళీ ఉత్తరానికి తిప్పేశారు?" అన్నారు.

"అలా ఉండగానే తగ్గింది అంకుల్," అన్నాను.

"వీడియోలో ఇలా కనపడితే ఏం బావుంటుందమ్మా? భాస్కర్, ఒక చెయ్యి వెయ్యి."

"ఒక్క పది నిమిషాలకేగా రేణూ, మళ్ళీ నేనే మార్చేస్తాను," అని భాస్కర్ మంచం పట్టుకున్నాడు. నాకు తగ్గిన మంచాన్ని, నాకు తగ్గిందని చెప్పడానికి, నన్ను చంపిన దిక్కుకి తిప్పుతున్నారు. గోడకి ఆనుకుని చూస్తూ నిలబడ్డాను. సగం తిరిగాక మంచం కోడు కింద దుప్పటి అంచు ఇరుక్కుంది. సూర్యప్రకాశరావు గారు దాన్ని లాగడానికి కిందికి వంగారు.

లేస్తూనే ఆయన మొహం పాలిపోయింది. చేతులు గాల్లో దేనికోసమో వెతికాయి. "పట్టుకో... పట్టుకో..." అంటూ నా పరుపు మీద కూలబడి, నా దుప్పటి మీద, తన ఇస్త్రీ చొక్కా మీద భళ్ళున వాంతి చేసుకున్నారు. పులిహోర. చింతపండు, ఇంగువ కలిసిన పులిసిన కంపు గదంతా నిండింది. భాస్కర్ చటుక్కున టీషర్టు ముక్కు మీదికి లాక్కున్నాడు. నేను దగ్గరికి వెళ్ళి ఆయన గడ్డం పట్టుకుని మొహం పైకెత్తాను. నల్లగుడ్లు ఒక పక్కకి కొట్టుకుంటున్నాయి. జారుతున్నాయి. మళ్ళీ కొట్టుకుంటున్నాయి.

అవి ఆగేదాకా ఆయన్ని పట్టుకుని కూర్చున్నాను. ఆగాక అడిగాను. "ఎన్నాళ్ళ నుంచి ఉంది అంకుల్ మీకిది?"

ఆయన భాస్కర్ వైపు చూశారు, నా వైపు చూశారు. అబద్ధం చెప్పే ఓపిక కూడా లేనట్టుంది. "చలికాలం నుంచి," అన్నారు.

"మంచం?"

"నాలుగు దిక్కులా తిప్పి చూశానమ్మా."

భాస్కర్ టీషర్టు ముక్కు మీంచి జారిపోయింది.

"డాక్టరుకి చెప్పలేదా?"

"చెబితే నడపొద్దని రాస్తాడు. రాస్తే మావాడు కారు తాళాలు తీసేసుకుంటాడు."

"మరి ఇప్పుడు ట్రాయ్ నుంచి ఇక్కడికి ఎలా వచ్చారు?"

"డ్రైవ్ చేసే."

"ఫ్రీవే మీదా?"

తల ఊపబోయి, భయపడి మానేశారు. "మీదే," అన్నారు.

నా ఒళ్ళంతా రగిలిపోయింది. తల తిరిగే మనిషిని రోడ్డెక్కించొద్దని నా మొగుడికి చెప్పిన నోరు ఇదే. పది మంది ప్రాణాలన్న నోరు ఇదే. తన తాళాలు జేబులో భద్రంగా పెట్టుకుని నా సీటు పీకేయించారు. ఆ మాటే మొహం మీద అన్నాను, పెద్దాయన అని చూడలేదు. ఆయన పెదవి తుడుచుకుంటూ విన్నారు. తర్వాత చెయ్యి చాచాను. చాలాసేపటికి తాళాలు తీసి నా చేతిలో పెట్టారు.

"నేను దింపేసి వస్తాలే, నీకెందుకు శ్రమ," అన్నాడు భాస్కర్.

"నువ్వు దుప్పటి ఉతుకు," అన్నాను.

ఆయన కారు ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని నేను నడిపాను. అన్నాళ్ళ తర్వాత స్టీరింగ్ పట్టుకుంటే ఎంత సంతోషం కలగాలి! కలగలేదు. పక్కన ఆ చొక్కా కంపు, ఆయన ఒళ్ళో ప్లాస్టిక్ సంచి. అద్దాలు దించి, మలుపులు మెత్తగా తిప్పుతూ, ఎక్కడా కుదుపు లేకుండా తీసుకెళ్ళాను. కడుపులో ఏం జరుగుతుందో నాకు తెలుసు.

ట్రాయ్ దగ్గరపడుతుండగా ఆయన నోరు విప్పారు. "ఇంట్లో చెప్పకమ్మా. తాళాలు పోతే నా పనైపోయినట్టే. ఎవరింటికన్నా వెళ్ళాలంటే నన్నెవరు తీసుకెళ్తారు? పొద్దస్తమానం ఆ గదిలో కిటికీ చూస్తూ కూర్చోవాలి."

ఆ మాట ఆయన అనకుండా ఉంటే బావుండేది. హాయిగా అసహ్యించుకునేదాన్ని.

"రియా దగ్గరికి వెళ్ళండి, ఆ పిల్ల తగ్గిస్తుంది. తగ్గేదాకా మాత్రం ఈ సీట్లో కూర్చోవద్దు," అన్నాను.

"గ్రూపులో పెడతావా?"

"అలాంటివి మా ఆయన పెడతాడు. నాకు అలవాటు లేదు. ఇంట్లో కూడా నేను చెప్పను. చెబితే మీరే చెప్పాలి."

వాళ్ళ గరాజ్ ముందు ఆయన కోడలు నిధి ఇద్దరు ఆడవాళ్ళతో నిలబడి మాట్లాడుతోంది. అందులో ఒకావిడ, మా ఆయన వద్దంటున్నారని ఫోన్లో చెప్పిన నోవై ఆవిడే. డ్రైవర్ సీట్లో నన్ను చూసి ముగ్గురూ మాటలాపేశారు. నేను దిగి, అటు తలుపు తీసి ఆయన్ని చెయ్యి పట్టుకుని దింపాను.

నిధి కంగారుగా దగ్గరికొచ్చింది. "రేణు గారూ, మీరు డ్రైవ్ చేశారా? ఈజ్ దట్ సేఫ్? మామయ్య గారిని పక్కన కూర్చోబెట్టుకుని ఫ్రీవే మీద... పోస్టు సంగతి సరే, మీకు ఆ తల తిరిగే వర్టిగో ఉంది కదా!"

నోవై ఆవిడ మొహంలో అదే భయం కనిపిస్తోంది. ఒక్క మాట అంటే చాలు, అందరికీ అర్థమైపోతుంది. అయినా అనలేదు. సూర్యప్రకాశరావు గారు చొక్కా మీది మరకని అరచేత్తో కప్పుకుని నిలబడి ఉన్నారు. కోడలి వంక చూడకుండా, నేల చూస్తూ మాట్లాడారు.

"ఆవిడ నడపొచ్చమ్మా. ఆవిడకి తగ్గిపోయింది. నడపకూడనిది నేను."

తాళాలు నిధి చేతిలో పెట్టాను. ఆ చెయ్యి మూసుకునేదాకా ఆయన తాళాల వంకే చూస్తూ నిలబడ్డారు.